పాత కంప్యూటరు మొరాయిస్తే

విద్యార్థి సంఘం సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, నాకు కవిత్వం రాదని తప్పించుకోబోయాను. "కవిత్వం రాసేవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు, నువ్వు దసరా సెలవుల్లో పడ్డ పాట్లు రాయి" అన్నారు. అవే రాస్తున్నాను. నేను భౌతికశాస్త్రం చదువుతున్నవాణ్ణే గాని కంప్యూటరు ఇంజనీరును కాను. కనుక తెలిసినవాళ్ళకు ఇందులో కొత్త సంగతులేవీ కనపడకపోవచ్చు. తెలియనివాళ్ళకు మాత్రం, నాకు పోయిన ఏడువందల రూపాయలు మిగలవచ్చు.

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట ఊరు. 2025 దసరాకు ముందు మాకు దగ్గర్లోని టౌనులో ఒక ఇంటర్నెట్ సెంటరు ఎత్తేస్తూ పాత సామానంతా అమ్మకానికి పెట్టారు. మా చెల్లెలు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది పొద్దస్తమానం నాయన జేబులో చేనుకు పోతుంది. కంప్యూటరుంటే పాఠాలు చూసుకుంటుందని నేనే నాయనను అడిగాను. ఆయన మారుమాట లేకుండా మూడువేలు తీసి ఇచ్చాడు. అవి విత్తనం శనక్కాయలకని దాచిపెట్టినవని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. ముందే చెప్పి ఉంటే అడిగేవాణ్ణి కాదు.

రెండువేల రెండువందలకు మానిటరుతో సహా యంత్రం వచ్చింది. ఇంటెల్ జి31 చిప్‌సెట్ మదర్‌బోర్డు, పెంటియం డ్యూయల్ కోర్ ప్రాసెసరు, ఒక్కొక్కటి 1 జీబీ చొప్పున రెండు డీడీఆర్2 ర్యామ్ స్టిక్కులు, 160 జీబీ హార్డ్ డిస్కు. ఆ చిప్‌సెట్ 2007 నాటిది. అంటే నాకంటే రెండేళ్ళు చిన్నది, కంప్యూటర్ల లెక్కలో తాత.

అందులో విండోస్ 7 ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ వారి మద్దతు 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. విండోస్ 10కు కూడా మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామా అంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు కావాలి. మా దాంట్లో డిస్కు తప్ప తక్కినవి లేవు. అందుచేత లినక్స్‌లో డెబియన్ అనేదాన్ని ఎంచుకున్నాను. 2025 ఆగస్టు 9న వచ్చిన 13వ వెర్షను ఉచితంగా దించుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ 13కు 32 బిట్ యంత్రాల కోసం ఇన్‌స్టాలరు లేదు. పాత పెంటియం 4లలో 32 బిట్‌వీ ఉన్నాయి, 64 బిట్‌వీ ఉన్నాయి. ఏదో చూసుకోకుండా మొదలుపెట్టకండి. 32 బిట్ అయితే 12వ వెర్షనుతో సరిపెట్టుకోవాలి.

మొదటి రాత్రి ఇన్‌స్టాలేషన్ సగం దాకా పోయి, ఒక ప్యాకేజీ పాడైపోయిందని చెప్పి ఆగింది. రెండోసారి మొదట్లోనే ఆగింది. మూడోసారి నల్ల తెర మీద అర్థంకాని అక్షరాలు నింపి బిగుసుకుపోయింది. దించుకున్న ఫైలే చెడిపోయిందనుకుని, ఫోనులో ఆ రోజు డేటా అంతా పోసి మళ్ళీ దించాను. మళ్ళీ అంతే. ఆ తర్వాత నాకు కోపమొచ్చి ర్యామ్ పీకి తుడిచి పెట్టాను, కేబుళ్ళు అటూ ఇటూ మార్చాను, బయాస్‌లో కనపడ్డవన్నీ తిప్పాను. ఈసారి ముప్పాతిక వంతు దాకా పోయింది! ఆనందించేలోగా ఆగింది. చేసిన పది పనుల్లో ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు.

తెల్లవారి టౌనుకు పోయి ఏడువందలు పెట్టి ర్యామ్ కొనుక్కొచ్చాను. తీరా చూస్తే అది డీడీఆర్3. డీడీఆర్2కూ డీడీఆర్3కూ అడుగున పిన్నులు 240 చొప్పునే ఉంటాయి, పొడవూ ఒకటే. కాని మధ్యలో ఉండే గాడి వేరేచోట ఉంటుంది. కనుక దిగదు. బలవంతాన నొక్కితే స్లాటే పగులుతుంది. అంగడివాళ్ళు సీలు తీసిన సరుకు వెనక్కు తీసుకోమన్నారు. పాత స్టిక్కు చేతపట్టుకుని అంగడికి పోయి ఉంటే ఇదంతా ఉండేది కాదు. బస్సులో వస్తున్నంతసేపూ ఆ ఏడువందలకు ఎన్ని కిలోల విత్తనమొస్తుందో లెక్క వేసుకుంటూనే ఉన్నాను.

ఆ సాయంత్రం నాయన వచ్చి, నేల మీద పరిచిన భాగాల మధ్య కూర్చున్న నన్ను చూశాడు. డబ్బు సంగతి అడగలేదు. "మన బోరు ఆగితే నేనేం చేస్తానురా? ముందు మూడు ఫేజులూ వస్తాండాయా చూస్తా. ఆ తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత స్టార్టరు. మోటారు పైకి తీసేది అన్నిటికన్నా ఆఖర్న. నువ్వు అన్నీ ఒకేసారి పెరికి పెట్టుకున్నావు. ఏది చెడిందో నీకెట్లా తెలుస్తాది?" అన్నాడు. మా పక్క చేనువాళ్ళు ఒకసారి మనుషుల్ని పిలిచి, కూలి ఇచ్చి మోటారంతా పైకి లాగించాక, పోయింది ఫ్యూజు వైరని తేలిన కథ మా ఊళ్ళో అందరికీ తెలుసు. నేనూ నవ్వినవాణ్ణే.

ఆ రాత్రి అన్నీ యథాస్థానంలో పెట్టి, ఒక నోటుపుస్తకం తీశాను. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మార్చింది, జరిగింది రాసిపెట్టాలి. మన లాబులో ఒక రాశిని మారుస్తూ మిగతావి స్థిరంగా ఉంచమని మూడేళ్ళుగా చెప్పించుకుంటున్నదే ఇది.

రాస్తూ ఉంటే ఒక సంగతి తట్టింది. ఎక్కడ ఆగింది అనేదానికంటే, ప్రతిసారీ అక్కడే ఆగుతోందా అన్నది ముఖ్యం. ప్రతిసారీ వేర్వేరు చోట్ల, వేర్వేరు రకాలుగా ఆగుతుంటే ముందు ర్యామ్‌ను అనుమానించాలి. కచ్చితంగా ఒకేచోట ఆగుతుంటే డిస్కులో గాని పెన్‌డ్రైవ్‌లో గాని ఒక భాగం చెడిందనుకోవాలి, లేదా దించుకున్న ఫైలే సరిగా లేదనుకోవాలి. ఫైలు సంగతి తేల్చుకోవడం తేలిక. డెబియన్ వారు ఇచ్చే ఎస్‌హెచ్‌ఏ మొత్తంతో మన ఫైలు మొత్తాన్ని పోల్చి చూస్తే చాలు. ఇక ఏ పని చేస్తున్నా సరే, ఆన్ చేసిన ఇన్ని నిమిషాలకు అని టైము ప్రకారం ఆగిపోతుంటే అది వేడి.

విండోస్ 7తో నడుస్తున్న యంత్రం ఇన్‌స్టాలేషన్ దగ్గర ఎందుకు పడిపోవాలని మీరడగవచ్చు. ఊరికే నడిపిస్తే కుంటని ఎద్దు, కాడి మోపి దుక్కిలో దింపితే కుంటుతుంది. ఇన్‌స్టాలరు వేల ఫైళ్ళను విప్పుతుంది, ర్యామ్‌ను మూలమూలలా వాడుతుంది, డిస్కు మీద ఎడతెగకుండా రాస్తుంది. మామూలు వాడకంలో తగలని చెడ్డ గది అప్పుడు తగులుతుంది. ర్యామ్‌లో ఒక్కొక్క బిట్టూ ఒక బుల్లి కెపాసిటరులోని విద్యుదావేశమే. అది కారిపోతూనే ఉంటుంది గనుక సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకండ్లలోపు తిరిగి నింపుతుంటారు. ఒక గది ఆవేశాన్ని నిలుపుకోలేకపోయిందా, 1 కాస్తా 0 అవుతుంది. కుదించిన ఫైలులో ఒక్క బిట్టు మారినా చాలు, లెక్క కుదరక ప్యాకేజీ చెడిందంటుంది. చెడింది ప్యాకేజీ కాదు.

మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాముంది. దాన్నీ పెన్‌డ్రైవ్‌లోంచే నడపవచ్చు. మొదటి స్టిక్కు ఒక్కదాన్నే మొదటి స్లాటులో పెట్టి వదిలితే రాత్రంతా ఒక్క తప్పూ రాలేదు. అదే స్లాటులో రెండోదాన్ని పెడితే ఇరవై నిమిషాలకు ఎర్ర గీతలు వరుసకట్టాయి. పిన్నులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్ళీ పెట్టాను (చాలాసార్లు దీంతోనే నయమవుతుంది). నయం కాలేదు. స్లాటు మంచిదని మొదటి స్టిక్కు రుజువు చేసింది గనుక, తప్పు రెండోదానిదే. ఈ రెండు రాత్రుల పరీక్షకు కరెంటు తప్ప ఖర్చు లేదు. నేను ఏడువందలు పారేసింది దీనికి ముందు.

ఆ స్టిక్కు తీసేసి ఒక్క జీబీతో మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ప్యాకేజీ పాడైందన్న మాట లేదు, కాని నత్తనడక. నిమిషం నడిచి అర నిమిషం స్తంభించిపోతుంది. డెబియన్ ఇన్‌స్టాలరు మామూలు అక్షరాల తెరలో ఉన్నప్పుడు ఆల్ట్ పట్టుకుని ఎఫ్4 నొక్కితే లోపల జరుగుతున్న చిట్టా కనపడుతుంది. దాంట్లో డిస్కుతో లింకు తెగడం, మళ్ళీ కలపడం, తెగడం. డిస్కు పోయిందనుకుని నీరుగారిపోయాను. నా మూడు సూత్రాలకూ లొంగని జబ్బు ఇది. ఒకేచోట ఆగదు, పూర్తిగా ఆగనూ ఆగదు.

కాని నోటుపుస్తకం పద్ధతి ప్రకారం, కొనేముందు అడగాలి. ప్రతి డిస్కూ స్మార్ట్ అనే పేరుతో తన ఆరోగ్యం లెక్క తానే రాసుకుంటుంది. లైవ్ లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ అనే ఆదేశంతో దాన్ని చదవవచ్చు. అందులో 5, 197, 198 నంబర్ల వరుసలు ముఖ్యం. అవి చెడిపోయి మార్చిన, చదవలేక పెండింగులో ఉన్న సెక్టర్ల లెక్కలు. అవి పెరుగుతుంటే ఆ డిస్కును నమ్ముకోకూడదు, ఉన్న ఫైళ్ళు వెంటనే వేరేచోటికి తీసుకోవాలి. మా దాంట్లో మూడూ సున్నాలే! 199వ వరుసలో మాత్రం పెద్ద అంకె ఉంది, చూస్తుండగానే పెరుగుతోంది. డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో చెడిపోయిన సమాచారం లెక్క అది. అంటే చాలావరకు కేబులు. అరవై రూపాయల సాటా కేబులు మార్చాను. ఆ అంకె వెనక్కు తిరగదు, ఎన్నటికీ సున్నా కాదు. కాని ఆ తర్వాత ఒక్కటి కూడా పెరగలేదు. వెయ్యి రూపాయల డిస్కు కొనబోయి ఆగిపోయిన ఆ సాయంత్రం, డిగ్రీలో నేను చేసిన ప్రయోగాలన్నింటికన్నా నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

వేడి సంగతి మా యంత్రంలో రాలేదు, హాస్టలులో నా గది మిత్రుడి లాప్‌టాప్‌లో వచ్చింది. పదిహేను నిమిషాలకు ఠంచనుగా ఆరిపోయేది. విప్పి చూస్తే గాలి పోయే సందులో దుమ్ము పరుపులాగా పేరుకుని ఉంది, ప్రాసెసరు మీది పేస్టు ఎండిన సున్నంలా రాలింది. శుభ్రం చేసి కొత్త పేస్టు బియ్యపుగింజంత పెట్టాం. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం పొరపాటు.

ఇక చిన్న చిన్నవి. ఆన్ చేసినప్పుడల్లా తేదీ 2007కు పోతుంటే బోర్డు మీది సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ అయిపోయినట్టు. మాకు మొదటిరోజు వెబ్‌సైట్లన్నీ భద్రత లేదని తిరస్కరించినవి ఇందుకే. వాటి సర్టిఫికెట్లు 2007లో ఇంకా పుట్టలేదు గదా! పెన్‌డ్రైవ్‌నుంచి బూట్ అవమని బయాస్‌లో పెట్టిన మాట కూడా స్విచ్ తీయగానే మరిచిపోయేది. పెన్‌డ్రైవే కనపడకపోతే, పాత బయాస్‌లలో కొన్ని దాన్ని హార్డ్ డిస్కుల జాబితాలో దాచిపెడతాయి, అక్కడ వెతకండి. కొత్త యూఈఎఫ్‌ఐ యంత్రాలకు మాత్రమే పనికొచ్చేలా తయారుచేసిన పెన్‌డ్రైవ్ పాతవాటిలో లేవదు. మెనూ వచ్చాక తెర నల్లబడిపోతే బూట్ వరుస చివర నోమోడ్‌సెట్ అన్న మాటను ఇంగ్లీషులో చేర్చి చూడండి. అది గ్రాఫిక్స్ తగువు. మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటే మాత్రం ఎన్ని చేసినా వృథా.

కరెంటు దగ్గర వేళాకోళం వద్దు. విప్పేముందు ప్లగ్గు పీకాలి. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు, ప్లగ్గు పీకినా దాని కెపాసిటర్లలో షాకు కొట్టేంత నిల్వ ఉండవచ్చు. మా ఇంట్లో క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనేది. స్టార్టరు దగ్గరి ఎర్త్ గుంతలో నీళ్ళు పోయడం మరవని నాయన, ఇంటి ప్లగ్గుకు అసలు ఎర్తే లేదని అప్పుడు కనిపెట్టి, మరునాడే వైరు లాగించాడు.

పండుగ వెళ్ళిన నాలుగోరోజు రాత్రి పదకొండున్నరకు ఇన్‌స్టాలేషన్ పూర్తయింది. మెస్సు డబ్బులోంచి మూడువందల యాభై పెట్టి పాత 2 జీబీ డీడీఆర్2 స్టిక్కు ఒకటి తర్వాత సంపాదించాను, ఈసారి పాతదాన్ని చేత్తో పట్టుకుపోయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో ఇప్పుడు పాఠాల వీడియోలు ఆగకుండా వస్తున్నాయి. చెల్లెలు తెలుగులో టైపు చేయడం నేర్చుకుని మొదట రాసింది నాయన బాకీల లెక్క. అందులో కంప్యూటరు కింద మూడువేలు అని ఒక వరుస వేసి, ఎదురుగా నా పేరు పెట్టింది.

ముందువైపు హెడ్‌ఫోన్ రంధ్రం మాత్రం ఇంకా పలకడం లేదు. వెనక రంధ్రంలో పెడితే వినపడుతుంది. కనుక సౌండు చిప్పు మంచిదే, బోర్డునుంచి ముందుకొచ్చే చిన్న కేబులును అనుమానిస్తున్నాను. ఈసారి ఇంటికి పోయినప్పుడు ముందు అది చూడాలి. డీడీఆర్3 స్టిక్కు ఒకటి, 4 జీబీది, వాడనిది నా దగ్గరే ఉంది. ఎవరికైనా కావాలంటే ఐదువందలకే ఇస్తాను.