అందరి ప్రోగ్రాముకు పెద్ద ఎవరు?

పదిమంది కలిసి గోడపత్రిక నడుపుతున్నారనుకోండి. ఎవరిని చేర్చుకోవాలి? ఏది వెయ్యాలి? తగవు వస్తే చివరి మాట ఎవరిది? ఈ చిక్కు కంప్యూటరు ప్రోగ్రాములకూ ఉంది.

కొన్ని ప్రోగ్రాముల మూలపాఠం అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. వీటిని 'ఓపెన్ సోర్స్' ప్రోగ్రాములంటారు. మీలో కొందరు బడిలో నేర్చుకునే పైథాన్ భాష ఇలాంటిదే.

దీన్ని నెదర్లాండ్స్ దేశీయుడు గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో మొదలుపెట్టి, 1991లో లోకానికి అందించాడు. తరవాత ఎందరో వచ్చి చెయ్యి వేశారు. 2000 నుంచి ఒక పద్ధతి ఏర్పడింది. భాషలో పెద్ద మార్పు కోరేవారు దాన్ని కారణాలతో సహా ఒక పత్రంగా రాయాలి. దానికి ఒక సంఖ్య ఇస్తారు. అందరూ చదివి బాగోగులు చర్చిస్తారు. తోసిపుచ్చిన పత్రాన్ని కూడా దాచి ఉంచుతారు. ఎందుకు కాదన్నారో తరవాతివారికి తెలియాలి కదా! అయితే చివరి మాట మాత్రం గైడోదే. అందుకే ఆయన్ను వేడుకగా 'యావజ్జీవ దయాళు నియంత' అనేవారు.

2018లో 572వ పత్రం వచ్చింది. ఒక విలువకు పేరు పెట్టి, అక్కడే దాన్ని వాడుకునేందుకు ఒక కొత్త గుర్తు కావాలని అది కోరింది. చర్చ ముదిరి తగవయింది. గైడో పత్రాన్ని ఆమోదించాడు కాని, విసిగిపోయి ఆ జులైలో నిర్ణయాధికారం వదులుకున్నాడు. వారసుణ్ణి నియమించలేదు. ఇక దారేమిటి?

భాషను తీర్చిదిద్దుతున్న ప్రధాన నిర్మాతలే పూనుకున్నారు. ఏడు రకాల పాలనా పద్ధతులను పత్రాలుగా రాసి చర్చించి, డిసెంబరులో ఓట్లు వేసి ఒకటి ఎంచుకున్నారు. దాని ప్రకారం 2019 ఆరంభంలో ఐదుగురు సభ్యుల సంఘం ఎన్నికయింది. ఒకే కంపెనీలో పనిచేసేవారు అందులో ఇద్దరికి మించి ఉండరాదు. ఎందుకో ఊహించగలరా? ఐదుగురిలో ముగ్గురు ఒకే కంపెనీవారైతే, అందరి భాష ఆ కంపెనీ చేతికి పోవచ్చు! సంఘం మీద నమ్మకం పోతే, ప్రధాన నిర్మాతలు మూడింట రెండు వంతుల ఓట్లతో దాన్ని దించివేయవచ్చు. కొత్తవారిని ప్రధాన నిర్మాతలుగా చేర్చుకోవాలన్నా మూడింట రెండు వంతుల ఓట్లు పడాలి.

ఇదంతా నచ్చనివారి మాటేమిటి? మూలపాఠం తెరిచే ఉంది కనుక వేరు కుంపటి పెట్టుకోవచ్చు. కాని వెంట నడిచే మనుషులు కావాలి. ఆ మనుషులు నిలిచేది తమ మాట వినే చోటనే. కాబట్టి మూలపాఠంతో పాటు నిర్ణయించే దారి కూడా అందరికీ కనబడుతూ ఉండాలన్నమాట.

మరి మీ గోడపత్రిక నియమాలు ఎవరు రాశారు? వాటిని మార్చాలంటే ఎవరిని అడగాలి? కనుక్కొని చూడండి.