కట్టు విప్పాక అడగాల్సిన మాట

సాయంత్రం టెక్సాస్‌లోని మన కాపెల్‌లో ఆండ్రూ బ్రౌన్ పార్కు వైపు వెళ్తే చూస్తుంటారుగా, చెరువు చుట్టూ మన అమ్మలు, అత్తగార్లు చీరల మీద స్వెట్టర్లేసుకుని, కాళ్లకి షూలతో నడుస్తుంటారు. వాళ్లలో ఎవరి నడుమైనా కాస్త వంగి కనిపిస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకో చెబుతాను.

మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లప్పుడు ఊళ్లో వాకిలి కడుగుతూ జారారు. చెయ్యి ఆనించేసరికి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. చూడవచ్చిన వాళ్లంతా "పుత్తూరు కట్టు కట్టించాల్సింది" అన్నారే గానీ, అంత చిన్న జారుడుకి ఎముక ఎందుకు విరిగిందని ఒక్కరూ అడగలేదు. చెయ్యి అతికింది. ఆవిడ విమానం ఎక్కి మా దగ్గరికొచ్చారు. కట్టు కాగితాలు ఊళ్లో బీరువాలోనే ఉండిపోయాయి. ఇక్కడ డాక్టరుకి బీపీ, షుగరు గురించి చెప్పాను, చెయ్యి సంగతి చెప్పాలని తోచనే లేదు. ఏడాది తిరక్కుండానే స్నానాల టబ్బు దాటబోయి పడ్డారు. ఈసారి తుంటి.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చాక నడక నేర్పించడానికి వచ్చిన అమ్మాయి అడిగింది, "ఇంతకుముందు ఏ ఎముకైనా విరిగిందా?" అని. ఆ మాట మమ్మల్ని అడిగిన మొదటి మనిషి ఆమే.

యాభై దాటినవాళ్లు నిలబడ్డ ఎత్తునుంచి పడితేనే మణికట్టో, భుజమో, తుంటో, వెన్నుపూసో విరిగిందంటే అది కాలు జారిన కథ ఒక్కటే కాదు. ఎముకలు గుల్లబారాయని అనుమానించాలి. తుంటి, వెన్నుపూస అలా విరిగితే ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కానులో అంకె ఎలా ఉన్నా సరే, అది జబ్బు కిందే లెక్క. ఒకసారి విరిగినవాళ్లకి మళ్లీ విరిగే ప్రమాదం దాదాపు రెట్టింపు, అందులోనూ మొదటి రెండేళ్లు మరీ ఎక్కువ. గుండెపోటు వచ్చినవాళ్లని మందుల్లేకుండా ఇంటికి పంపరు కదా! ఎముక విరిగినవాళ్లలో మాత్రం ఈ అమెరికాలోనే ఎక్కువమందికి మందు మొదలవ్వదు. ఎముక అతికించేది ఒక డాక్టరు, ఏటా చూసేది ఇంకొకరు. మన పెద్దవాళ్లకైతే మధ్యలో రెండు దేశాలు కూడానూ.

మందులు లేక కాదు. తుంటి విరిగినవాళ్లకి ఏడాదికొకసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్‌తో మళ్లీ ఎముకలు విరగడం మూడో వంతుకు పైగా తగ్గిందని, మరణాలు కూడా తగ్గాయని 2007లోనే తేలింది. వారానికొక మాత్ర ఉంది. దాన్ని పరగడుపున, కాఫీ తాగకముందు, గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని అరగంట నిటారుగా కూర్చోవాలి. ఆర్నెల్లకొక ఇంజెక్షన్ డెనోసుమాబ్ ఉంది. దీంతో జాగ్రత్త! ఇక్కడ వేయించుకుని ఇండియా వెళ్లాక మరిచిపోతే వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదం ఉంది. టికెట్ కొనేముందే తర్వాతి సూది ఎక్కడ వేయించాలో చూసుకోండి.

దవడ ఎముక పాడవుతుందని భయపడి మందు మానేసినవాళ్లు నాకు తెలుసు. అది చాలా అరుదు. ముందుగా పళ్ల డాక్టరుకి చూపించుకుని మొదలుపెడితే సరిపోతుంది. "రాగిజావ తాగుతున్నాగా" అంటారు అత్తగారు. తాగాలి, నూరు గ్రాముల రాగుల్లో మూడొందల అరవై మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. కానీ ఒకసారి విరిగిన ఎముకకి జావ ఒక్కటే చాలదు. ఎండకి కరువు లేని తిరుపతిలోనే, ముట్లుడిగిన ఆడవాళ్లలో ఎక్కువమందికి విటమిన్ డి తక్కువగా ఉందని అక్కడి స్విమ్స్ ఆస్పత్రి వైద్యులు 2005లో చూపించారు. అందుకని దాన్నీ పరీక్ష చేయించండి.

డెక్సా స్కాను పడుకోబెట్టి కొద్ది నిమిషాల్లో తీస్తారు, నొప్పి ఉండదు. మెడికేర్ ఉన్నవాళ్లకి డాక్టరు రాసిస్తే మామూలుగా రెండేళ్లకొకసారి అందులోనే వస్తుంది. విజిటర్ ఇన్సూరెన్సు మీద వచ్చేవాళ్లు హైదరాబాదులోనో విజయవాడలోనో చేయించుకుని, ఆ కాగితం పెట్టెలో పెట్టుకుని రావడం మేలు.

గ్లాస్గోలో 1999లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఎముక విరిగి వచ్చిన పెద్దవాళ్లందరినీ వెతికి పట్టుకుని, ఎముక పరీక్ష చేయించి, మందు మొదలయ్యేలా చూడటం అక్కడ నర్సుల పని. రెండు దేశాల మధ్య తిరిగే మన అమ్మలకి ఆ నర్సు మనమే.

అందుకే ఈ రాత్రి ఊరికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా అమ్మా" తర్వాత ఇంకొక్క మాట అడగండి: "యాభై దాటాక నీకు ఎప్పుడైనా ఎముక విరిగిందా?" అవునంటే ఎప్పుడు, ఎక్కడ, ఎలా విరిగిందో రాసుకుని డాక్టరు చేతికివ్వండి. రెండోసారి విరిగేదాకా ఆగకండి.