పెరటి తోటలో భూతయజ్ఞము

గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞము ఒకటి. పక్షులకు, చీమలకు, సకల ప్రాణులకు ఆహారము నొసగుట దీని తాత్పర్యము. వాకిట బియ్యపుపిండితో ముగ్గు వేయుట చీమలకు అన్నము పెట్టుటయే యని పెద్దలు చెప్పుదురు. ఈ ధర్మమును డర్బన్ పరిసరములలోని చిన్న పెరటిలో ఎట్లు ఆచరింపవచ్చునో ఈ పాఠము తెలుపును.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో నౌక మద్రాసు నుండి 342 మందితో డర్బన్ చేరినది. తరువాతి సంవత్సరములలో ఒప్పందపు కూలీలుగా వచ్చిన ఆంధ్రులు చెరకు తోటలలో శ్రమించి, ఇంటి ముంగిట తులసిని, పెరటిలో మామిడిని పెంచుకొనిరి. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము వలన ఇండ్లు కోల్పోయి చాట్స్‌వర్త్ వంటి చోట్లకు తరలిన కుటుంబములు అక్కడను మరల తులసికోట కట్టుకొనినవి. ఆ ప్రీతి శ్లాఘనీయము. అయితే నేటాల్ నేలపై స్వయముగా పుట్టిన మొక్కలు పలువురకు ఉత్త పొదలుగనే తోచినవి. పరిశీలించినచో వానిలో కొన్ని ఆంధ్రదేశపు మొక్కలకు దాయాదులే.

దాయాది మొక్కలు

1. అమాటుంగులు: ఇది వాక్కాయ జాతిది. తెల్లని సువాసన పూలు, ఎఱ్ఱని తీయని పండ్లు, గట్టి ముళ్లు కలది. సముద్రపు గాలికి తట్టుకొనును.

2. నీలి ప్లంబాగో: ఇది చిత్రమూలమునకు చెల్లెలు. చిన్న నీలి సీతాకోకచిలుకలు దీనిపై గ్రుడ్లు పెట్టును.

3. ఉమ్డోని: ఇది నేరేడు జాతి వృక్షము. పూలు తేనెటీగలకు, పండ్లు పక్షులకు ప్రియము. తడి నేలను కోరును. పెద్దదగును గనుక ఇంటి గోడకు దూరముగా, లేదా ఆలయ ప్రాంగణమున నాటుట మేలు.

4. అలో: ఇది కలబంద జాతిది. జూన్, జూలై చలి నెలలలో పూయు రకములు తేనెపిట్టలకు ఆధారము.

5. హార్స్‌వుడ్: నిమ్మ, కరివేపాకుల కుటుంబమునకు చెందిన చిన్న చెట్టు. నిమ్మాకు తిను పెద్ద సీతాకోకచిలుక పిల్లపురుగులు దీని ఆకును కూడ తినును.

కలిపి నాటుట ఏల?

ఒక్క మొక్క ఎంత మంచిదైనను చాలదు. సీతాకోకచిలుకకు తేనె కావలెను. దాని పిల్లపురుగునకు ఆకు కావలెను. తేనెపిట్ట పూలతేనె త్రాగినను, తన పిల్లలకు పురుగులను, సాలీళ్లను తెచ్చి పెట్టును. ఆకు తిను పురుగు లేని తోటలో పక్షిపిల్లకు అన్నము లేదు. కనుక ఆకునకు చిల్లి పడగానే మందు చల్లరాదు. నిమ్మచెట్టుపై పక్షిరెట్ట వలె కనిపించు పిల్లపురుగులను చంపక హార్స్‌వుడ్‌పైకి మార్చవచ్చును.

హద్దు వెంబడి అమాటుంగులు కంచెగా పెంచినచో దాని ముళ్ల నడుమ గూళ్లకు రక్షణ కలుగును. దాని ముందు ప్లంబాగో, ఎండ తగులు చోట అలో, ఒక మూల హార్స్‌వుడ్ ఉండవలెను. రాలిన ఆకులను ఊడ్చివేయక పొదల క్రింద విడువవలెను. లోతులేని పళ్లెములో నీరుంచి దినదినము మార్చవలెను. మొక్కలను అడవి నుండి పెకలింపక నర్సరీలో కొనవలెను.

పరదేశపు మొక్కలన్నియు విడువదగినవి కావు. తులసి, మామిడి యథాస్థానముననే ఉండవచ్చును. లాంటానా, వేపను పోలిన సిరింగా మాత్రము పక్షుల ద్వారా విత్తనములు చల్లుకొని అడవులను ఆక్రమించును. ఆ దేశపు చట్టము వానిని ఆక్రమణ మొక్కలుగా ప్రకటించినది.

పెరడంతయు సిమెంటుతో కప్పివేయు ఆచారము ప్రబలుచున్నది. కప్పిన నేలపై ముగ్గు నిలుచును గాని దానిని తిన వచ్చు చీమకు పుట్ట ఉండదు. పూర్వులకు కూడు పెట్టిన నేలకు వారి సంతతి తీర్పదగిన ఋణమిది. నాలుగు బారల మట్టి మిగిల్చినను ఆ ఋణములో కొంత తీరును.

అభ్యాసము

1. ఇంటి పెరటిలో చలికాలమున పూయు మొక్క ఏది?
2. ఏ మొక్క ఆకును ఏ పురుగు తినుచున్నదో వారము దినములు గమనించి వ్రాయుడు.
3. వాక్కాయ, నేరేడు, చిత్రమూలములను గూర్చి ఇంటి పెద్దలనడిగి తెలిసికొనుడు.