ప్రోగ్రాము పంపే ఈమెయిలుకి సంతకం

మన ప్రోగ్రాములు రోజూ బోలెడన్ని ఈమెయిళ్ళు పంపుతుంటాయి. బిల్లులు, రిపోర్టులు, ఒక్కోసారి "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై డబ్బు ఇక్కడికి పంపండి" అనే ఉత్తరాలు కూడా. ఫ్రమ్ అడ్రసులో ఎవరి పేరైనా ఎవరైనా వ్రాసేయొచ్చు కదా, మరి అవతలివాళ్ళు నమ్మేదెలా? అందుకున్న పద్ధతే ఎస్/మైమ్.

కోడు వ్రాయడం పెద్ద కష్టం కాదు. మెసేజికి షా-256 వంటి హ్యాష్ లెక్కకట్టి, ప్రైవేటు కీతో సంతకం చేసి, సర్టిఫికేటుతో సహా ఒక చిన్న అటాచ్‌మెంటుగా జతచేస్తాం. జావా వాళ్ళకి బౌన్సీ కాసిల్ లైబ్రరీ ఉంది, కమాండ్ లైన్ మీద ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చాలు. అందుకున్నవారి మెయిల్ ప్రోగ్రాము హ్యాష్ మళ్ళీ లెక్కకట్టి సరిచూస్తుంది.

తిప్పలన్నీ ఆ తర్వాతే! హ్యాష్ చూసేది బైట్లని, అర్థాన్ని కాదు. ఉదాహరణకి తెలుగులో వ్రాసిన మెయిలే తీసుకోండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింటుకి 3 బైట్లు, అన్నీ 8 బిట్లూ వాడేవే. దారిలో 8 బిట్లు ఒప్పుకోని సర్వరు తగిలితే మెసేజి ఎన్‌కోడింగు మారిపోతుంది, సంతకం చెల్లదు. అందుకని ముందు బేస్64లోకి మార్చి, ఆ తర్వాతే సంతకం చెయ్యాలి. లైన్ల చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ రెండూ ఉండాలి. యూనిక్స్ మీద పనిచేసేవాళ్ళు దీన్ని తరచూ మరిచిపోతారు.

ఒక క్లయింటు దగ్గర నేను రెండు రోజులు తల పట్టుకున్నాను. మా టెస్టులో అంతా బాగానే ఉంది, బయటివాళ్ళకి మాత్రం "సంతకం చెల్లదు" అని వస్తోంది. తీరా చూస్తే, బయటికి వెళ్ళే ప్రతి మెయిలు అడుగునా వాళ్ళ గేట్‌వే "ఇది రహస్య సమాచారం" అంటూ ఒక పేరా అతికిస్తోంది! అడ్మిన్‌ని బతిమాలి మా మెయిళ్ళకి మినహాయింపు తెచ్చుకున్నాం. ఈలోపు ఒక సప్లయరు గారు "ఆ హెచ్చరిక రోజూ వచ్చేదేగా, మేము పట్టించుకోవడం మానేశాం" అన్నారు. నాకు గుండె జారింది. రేపు నిజంగానే దొంగ మెయిలు వస్తే?

ఇంకో సంగతి. మామూలుగా సంతకం వర్తించేది మెసేజి బాడీకే, సబ్జెక్టుకి కాదు. కాబట్టి మొత్తం, ఖాతా నంబరు వంటివి బాడీలోనే వ్రాయండి. సర్టిఫికేటులోని ఈమెయిల్ అడ్రసు, ఫ్రమ్ అడ్రసు ఒకటే కావాలి. ఇంటర్మీడియట్ సర్టిఫికేట్లు కూడా జతచెయ్యండి, లేకపోతే మీ మెషీన్ మీద పనిచేసింది వాళ్ళ దగ్గర పనిచెయ్యకపోవచ్చు. ప్రైవేటు కీ పాస్‌వర్డు కోడులో పెట్టొద్దని మీకు నేను చెప్పాలా!

"మాకు డీకిమ్ ఉందిగా" అంటారేమో. అది డొమైను తరఫున మెయిల్ సర్వరు పెట్టే ముద్ర. ఆ డొమైనులో ఎవరు పంపారో అది చెప్పదు.

టెస్టు చేసేటప్పుడు మెయిలుని మీ ఆఫీసు బయటి అడ్రసుకి పంపి, థండర్‌బర్డ్‌లోనూ అవుట్‌లుక్‌లోనూ తెరిచి చూడండి. లోపలి అడ్రసుకి పంపితే ఆ గేట్‌వే మీకు ఎదురుపడకపోవచ్చు.