గాజుతొట్టెలో ఇరుగుపొరుగు

పాఠ్యభాగ ఉద్దేశం: స్థానిక జలచరాల స్వభావాన్ని గుర్తించి, వాటిని బాధ్యతతో పెంచే దృష్టిని విద్యార్థులలో కలిగించడం.

పాఠ్యభాగం

ఇంటిలో చేపల పెంపకం అనగానే గోల్డ్‌ఫిష్, గప్పీ వంటి విదేశీ చేపలే చాలామందికి గుర్తుకు వస్తాయి. ఉత్తర అమెరికాలో కొందరు తమ ఏరులలో పుట్టిన సన్‌ఫిష్‌లను ఇండ్లలో పెంచుకుంటారు. అదేవిధంగా మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలోనూ కొర్రమీను, పరిగె, జెల్ల వంటి స్థానిక చేపలు ఉన్నాయి. వాటిని పెంచదలచినవారు మొదట ఆలోచించవలసింది తొట్టె అందాన్ని గురించి కాదు; ఏ చేప పక్కన ఏ చేప బతకగలదు అన్నదానిని గురించి.

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. చిన్నపిల్లగా ఉన్నప్పుడు అది పరిగెల నడుమ సాధువుగానే కనిపిస్తుంది. కాని అది స్వభావరీత్యా వేటచేప. దాని నోటిలో పట్టే ప్రతి చేపా దానికి ఆహారమే. పెరిగినకొద్దీ తొట్టెలోని పరిగెలు ఒక్కొక్కటిగా మాయమవుతాయి. ఇందులో కొర్రమీను తప్పు లేదు. ఎంపిక చేసిన మనిషిదే తప్పు. కనుక కొర్రమీనును విడిగా పెద్ద తొట్టెలో ఉంచడమే మేలు. అది గాలిని కూడా పీల్చే చేప. అందువల్ల నీటికీ మూతకూ మధ్య ఖాళీ ఉండాలి. ఎగిరి బయట పడే స్వభావం ఉన్నది కాబట్టి మూత తప్పనిసరి.

పరిగెలు గుంపుగా జీవిస్తాయి. ఒంటరిగా ఉంచితే బెదరుతాయి. కనీసం ఆరింటినైనా కలిపి, తమంత పరిమాణం గల శాంతస్వభావపు చేపలతో ఉంచాలి. జెల్ల అడుగున తిరుగుతుంది. రాత్రివేళ చురుకుగా ఉంటుంది. పగలు కదలడం లేదు కదా అని దానితో చిన్న చేపలను ఉంచరాదు. కొత్త చేపను రెండు వారాలు వేరుగా ఉంచి, రోగం లేదని తెలిసిన తరువాతనే కలపాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ పోయేటట్లు చూడాలి.

మంజీర అభయారణ్యం నుండి చేపలను పట్టి తేరాదు. తొట్టెలోని విదేశీ చేపలను చెరువులో విడువరాదు. అవి స్థానిక చేపల ఆహారాన్నీ, గుడ్లనూ హరిస్తాయి.

తొట్టెలోని చేపకు పొరుగును మనం ఎంచుతాము. మరి చెరువులోని చేపకో? పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి మంజీర వరకు చేరాయి. ఈ కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఈ ప్రాంతపు చెరువులలో చేపలు చచ్చి తేలిన సంఘటనలు పలుమార్లు జరిగాయి. తొట్టెలో నీరు చెడితే మార్చగలము, చెరువును మార్చలేము. చేపకు తగిన పొరుగుగా ఉండడం మొదట మనిషి నేర్వవలసిన పాఠం.

అర్థాలు

అభయారణ్యం = వన్యప్రాణులకు రక్షణ కల్పించిన ప్రదేశం
హరించు = అపహరించు, నశింపజేయు
వ్యాజ్యం = న్యాయస్థానంలో వేసిన దావా

ప్రశ్నలు

1. కొర్రమీనును పరిగెలతో కలిపి ఎందుకు ఉంచరాదు?
2. ‘చేపకు తగిన పొరుగు’ అన్న మాటను పాఠం ఆధారంగా వివరించండి.