తిరిగివచ్చిన వెలుగు ఏం చెబుతుంది?

పిల్లలూ! చీకటి పడే వేళ ఆకాశంలో మిణుకుమనకుండా, నిలకడగా సాగిపోయే చుక్కను ఎప్పుడైనా చూశారా? అది ఉపగ్రహం కావచ్చు, పాత రాకెట్టు ముక్కా కావచ్చు. చుక్కను చూసి ఏదో చెప్పలేం. కాని తెలుసుకోవడం అవసరం. 2009 ఫిబ్రవరి 10న సైబీరియాకు సుమారు 790 కిలోమీటర్ల ఎత్తున, పాడైపోయిన రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251, పనిచేస్తున్న ఇరిడియం 33 ఢీకొని వేల ముక్కలయ్యాయి. ఆ ముక్కలు మిగతా ఉపగ్రహాలకు ప్రమాదమే.

నేల మీంచి వాటిని ఫొటో తీయడం సులభం కాదు. 1000 కిలోమీటర్ల దూరాన ఉన్న ఒక మీటరు వస్తువు, 10 కిలోమీటర్ల దూరాన ఉన్న ఒక సెంటీమీటరు గింజంత కనిపిస్తుంది. పైగా నక్షత్రాలను మిణుకుమనిపించే గాలి బొమ్మను కూడా చెరిపేస్తుంది. అందుకే అమెరికాలో న్యూమెక్సికోలోని స్టార్‌ఫైర్ కేంద్రంలో, 3.5 మీటర్ల టెలిస్కోపుకు క్షణక్షణమూ ఆకారం మార్చుకునే అద్దాన్ని జోడించారు. గాలి తెచ్చిన వంకరను ఆ అద్దం సరిదిద్దుతుంది.

భూమి నీడలోకి వెళ్ళిన వస్తువు మీద ఎండ పడదు. అప్పుడు మనమే లేజరు కాంతి పంపాలి. ఆ కాంతికి ఒక గుణం ఉంది.

కిటికీ నిలువు ఊచల మధ్యనుంచి తాడు కట్టి ఊపండి. పైకీ కిందికీ ఊపితే అల అవతలికి పోతుంది. పక్కలకు ఊపితే ఊచలకు తగిలి ఆగుతుంది. కాంతి కూడా అలాగే ఊగుతుంది. ఎండ అన్ని దిక్కులా ఊగుతుంది. ఒకే దిక్కున ఊగే కాంతిని ధ్రువిత కాంతి అంటాం. మీ సైన్సు క్లాసులో చెప్పే పోలరైజేషనే మన ధ్రువణం.

ధ్రువిత లేజరు కాంతి నున్నని లోహానికి తగిలితే చాలావరకు అదే దిక్కున ఊగుతూ తిరిగివస్తుంది. గరుకు పూతకు తగిలితే ఆ క్రమం చెదిరిపోతుంది. కనుక రెండు బొమ్మలు తీస్తారు: ఒకటి పంపిన దిక్కులో ఊగే కాంతితో, రెండోది దానికి అడ్డంగా ఊగే కాంతితో. మొదటి బొమ్మలోనే మెరిసిన చోటు నున్నని లోహం కావచ్చు. రెండింటిలోనూ వెలిగితే గరుకు పూత కావచ్చు. ఆకారం మసకగా ఉన్నా, దేనితో చేసినదో ఊహించడానికి ఆధారం దొరుకుతుంది.

చేసి చూడండి: పోలరాయిడ్ చలువ కళ్ళద్దాలను కంప్యూటరు తెర ముందు పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒకచోట తెర నల్లబడుతుంది. ఎందుకో అమ్మానాన్నలకు తెలుగులో చెప్పండి. సూర్యుణ్ణి గాని, లేజరును గాని నేరుగా చూడకండి!

లెక్క: కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. పంపిన వెలుగు సెకనులో 100వ వంతుకు తిరిగివస్తే వస్తువు ఎంత దూరంలో ఉంది? (రానూ పోనూ రెండు ప్రయాణాలు, మరిచిపోకండి!)

జవాబు: 1500 కిలోమీటర్లు.