లెన్స్ పని నేర్చుకునే పిల్లకు లాంగ్‌టర్మ్ ఎందుకు?

నీట్ ఫలితాలు వచ్చాయంటే చాలు, కర్నూలు, నంద్యాల, ఓర్వకల్లు నుంచి తల్లిదండ్రుల ప్రశ్న ఒక్కటే. "సార్, పాపకు సీటు రాలేదు. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పెడదామా? లేకుంటే కంటి డాక్టరు కోర్సు ఏదో ఉందంట కదా, దాంట్లో చేర్పిద్దామా?" లాంగ్‌టర్మ్ సంగతి ముందు పాపను అడగండి అంటాను. చాలా ఇళ్లలో ఇంకా అడిగి ఉండరు. రెండో మాట వింటే మాత్రం నాకు ఓపిక పోతుంది.

కంటి డాక్టరంటే ఎంబీబీఎస్ అయ్యాక కంటి వైద్యంలో పీజీ చేసిన మనిషి. అడ్డదారి లేదు. బీఆప్టమ్ నాలుగేళ్ల డిగ్రీ, మంచి చదువే. చూపు పరీక్ష చేస్తారు, పవర్ రాస్తారు, జబ్బు అనుమానం వస్తే డాక్టరు దగ్గరికి పంపిస్తారు. ఆ పని ఇష్టపడి చేరితే సంతోషం. కానీ "డాక్టర్ అని బోర్డు పెట్టుకోవచ్చు" అని ఏజెంటు చెబితే నమ్మి, లక్షల్లో అప్పు చేసి చేర్పించారంటే, నాలుగేళ్ల తర్వాత ఆ నిరాశ మోసేది పిల్లే.

ఆ పవర్ కాగితం కళ్లజోడుగా మారే చోటు గురించి ఒక్కరూ అడగరు. షాపులో ఇస్తారు, మనం పెట్టుకుంటాం. మధ్యలో ఒక చేతిపని ఉందని, దాన్ని నేర్చుకుని బతకొచ్చని తోచదు.

బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టడం చూసిన పిల్లలకు ఇది సగం అర్థమైనట్టే. ముందు గరుకు, తర్వాత నునుపు, ఆఖర్న మెరుపు. ల్యాబుకొచ్చే ప్లాస్టిక్ బిళ్లకు (దీన్నే బ్లాంకు అంటారు) ముందువైపు వంపు సిద్ధంగా ఉంటుంది. మనిషికి కావలసిన పవర్ కోసం వెనకవైపు చెక్కాలి. జనరేటర్ అనే మిషన్ చెక్కుతుంది, ప్యాడ్లతో నునుపు చేస్తారు, అల్యూమినియం ఆక్సైడ్ కలిపిన ద్రవంతో పాలిష్ పడతారు. ఇదంతా సర్ఫేసింగ్. ఆపైన గీతలు పడకుండా ఒక పూత, కాంతి తిరిగి కొట్టకుండా ఇంకో పూత. ఇదంతా సర్ఫేసింగ్. గుండ్రంగా వచ్చిన ఆ లెన్స్‌ను ఫ్రేము ఆకారానికి కోసి, అంచు తీర్చి, గాడిలో కూర్చోబెట్టడం ఫినిషింగ్.

తప్పు జరిగేది ఎక్కువగా ఈ రెండో చోటే. మైనస్ 4 పవర్ ఉన్న పిల్లాడి లెన్స్ కేంద్రం కంటిపాపకు ఎదురుగా కాకుండా 5 మిల్లీమీటర్లు పక్కకు పడిందనుకోండి. నాలుగును అర సెంటీమీటరుతో గుణిస్తే రెండు. అంటే 2 డయాప్టర్ల ప్రిజం ఆ కంటికి అక్కర్లేకుండా తగిలిందన్నమాట. సిలిండర్ లెన్స్ యాక్సిస్ 30 డిగ్రీలు తిరిగిందంటే అసలు ఎంత సిలిండర్ సరిచేయాలో అంతా కంటికి మళ్లీ మిగిలే ఉంటుంది. తలనొప్పి భరించలేక పిల్లాడు కళ్లజోడు బ్యాగులో పడేస్తాడు. పెట్టుకోవడానికి సిగ్గు పడుతున్నాడని ఇంట్లో తిట్లు!

ఈ లెన్స్ పనికి ఈఏపీసెట్ ర్యాంకు అక్కర్లేదు. నిలకడైన చెయ్యి, దశాంశాలంటే భయం లేకపోవడం, కొలిచింది మళ్లీ కొలిచే అలవాటు కావాలి. టెన్త్ పాసైనా ల్యాబులో చేరి నేర్చుకోవచ్చు, ఇంటర్ ఉంటే దారులు పెరుగుతాయి.

పల్లె పిల్లలకు కంటి పని నేర్పితే ఏమవుతుందో మన తెలుగు నేల మీదే రుజువైంది. గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఊళ్ల నుంచి ఇంటర్ చదివిన పిల్లల్ని తీసుకుని, ఏడాది శిక్షణ ఇచ్చి, విజన్ టెక్నీషియన్లుగా వాళ్ల ప్రాంతంలోని కేంద్రాలకే పంపింది. చూపు పరీక్ష, కళ్లజోడు ఇవ్వడం రెండూ అక్కడే. నా లెక్కలో కర్నూలు పిల్లలకు ఇలాంటి దారి ముందు, ప్రైవేటు డిగ్రీ తర్వాత. రెండేళ్ల పారామెడికల్ డిప్లొమాలు కూడా చూడండి.

పని దొరకదా అంటే, 2019 అక్టోబరులో అనంతపురంలో మొదలైన కంటి వెలుగు పథకం బడి పిల్లల్ని పరీక్షించి కళ్లద్దాలు ఇచ్చింది. ఆ అద్దాలన్నీ ఎవరో ఒకరు చేయాల్సిందే. రంగారెడ్డి జిల్లా ఫ్యాబ్ సిటీలో పెద్ద కళ్లజోళ్ల ఫ్యాక్టరీ పెట్టడానికి లెన్స్‌కార్ట్ 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. నలభై దాటినవాళ్లకు చత్వారం ఎలాగూ తప్పదు. అయితే మొదటి జీతం చిన్నదే, ఈ మాట దాచను. ఫ్రేము ఆకారాన్ని చదివి తనే కోసే ఎడ్జర్లు కూడా వచ్చేశాయి. కాబట్టి బటన్ నొక్కడం మాత్రమే నేర్పే కోర్సు దండగ. పీడీ, అంటే కంటిపాపల మధ్య దూరం కొలవడం, ప్రోగ్రెసివ్ లెన్స్ గుర్తులు పెట్టడం, వెనక్కి తిరిగొచ్చిన జోడులో తప్పెక్కడుందో పట్టుకోవడం నేర్పాలి.

మూడు నెలల సర్టిఫికెట్, నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్న బోర్డు కనబడితే జాగ్రత్త. ఆ ప్లేస్‌మెంట్ అంటే చాలాసార్లు షోరూము కౌంటరులో ఫ్రేములు అమ్మే ఉద్యోగం. ఓర్వకల్లు పొదుపు సంఘాల అక్కలకు ఒక మాట: బిడ్డ పని నేర్చుకోకముందే సంఘం అప్పుతో మిషన్ కొనకండి. ముందు కర్నూలులో ఏదైనా ల్యాబులో ఏడాది పనిచేయనివ్వండి.

ఫీజు మాట్లాడేముందు శిక్షణ గదిలోకి వెళ్లండి. ఒక్కో విద్యార్థి చేతికి ఎన్ని బ్లాంకులు ఇస్తారో, పాడైతే డబ్బు ఎవరు కట్టాలో అడగండి. తర్వాత మీ సొంత కళ్లజోడు తీసి అక్కడున్న సీనియర్ విద్యార్థికి ఇచ్చి, లెన్సోమీటరులో పవర్ చదివి చెప్పమనండి. ప్రిస్క్రిప్షన్ మీ జేబులో ఉంచుకోండి.